గేటవతల అక్క

చొక్కాకి గుండీలు కుట్టడం కూడా ఒక పనేనా అని మూతి విరిచేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లని తీసుకెళ్లి ఒక్క పూట గుండీలక్క అరుగు మీద కూర్చోబెట్టాలి. పొద్దున్నే దర్జీ కొట్ల నుంచి చొక్కాలు మూటలు మూటలుగా వచ్చి పడతాయి. సాయంత్రానికల్లా ప్రతి చొక్కాకీ మెడ దగ్గర్నుంచి కింది అంచు దాకా గుండీలు వంకర లేకుండా నిలబడాలి. ఒక్కటి అటో ఇటో జరిగిందా, ఆ చొక్కా తొడుక్కున్న పెద్దమనిషి పొట్ట దగ్గర బట్ట నోరు తెరుస్తుంది. ఆయన వెళ్లి దర్జీని దులిపేస్తాడు, దర్జీ వచ్చి ఈవిడ మీద పడతాడు. ఈవిడ మాట పడే రకం కాదు గనక ఆ తర్వాత జరిగేదంతా వీధి చివరిదాకా వినిపిస్తుంది.

ఊరంతటికీ ఆవిడ గుండీలక్కే. దర్జీలూ, బస్సు కండక్టర్లూ, చివరికి ఆవిడకంటే వయసులో చాలా పెద్దవాడైన పాలాయన కూడా అక్కా అనే పిలుస్తాడు. ఇంతమందికి అక్క అయిన మనిషిని "ఏమే చిన్నదానా" అని పిలిచే నోరు మాత్రం లోకంలో ఒక్కటే ఉంది. అది రైలు పట్టాలకి అవతల ఉంది. ఆవిడ కౌన్సిలరు అయింది కూడా ఆ పిలుపు కోసమే. ఈ సంగతి ఎన్నికల ప్రచారంలో ఎక్కడా చెప్పలేదనుకోండి. అడిగి ఉంటే చెప్పేదే.

అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకే పని, రెండు ముక్కలు. దర్జీ కుట్టిన చొక్కా ముందు అక్క దగ్గరికి వెళ్తుంది. గుండీ దూరే చీలికని కాజా అంటారు. ఆ కాజా కోసి, పోగులు ఊడకుండా దాని అంచు దారంతో అల్లడం అక్క పని. అది అయ్యాక చొక్కా చెల్లెలి దగ్గరికి వస్తుంది. ప్రతి కాజాకీ ఎదురుగా ఆవిడ గుండీ కుడుతుంది. పెళ్లిళ్లయి ఒకరు పట్టాలకి ఇవతల, ఒకరు అవతల కాపురం పెట్టినా మొదట్లో దూరం అనేది తెలియలేదు. మధ్యలో రైలు గేటుండేది. తీసి ఉంటే నడిచి, వేసి ఉంటే కింద నుంచి వంగి, అక్క మధ్యాహ్నం పూట కాజాలు కుట్టిన చొక్కాలు చేతి మీద వేసుకుని వచ్చేసేది.

అక్క మొగుడు సరుకు లారీలు తూచే కాటా దగ్గర పనిచేసేవాడు. ఒక పక్క పడిపోయి మంచం పట్టాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. కానీ ఆ జబ్బు మనిషిని పడుకోబెట్టింది గానీ ఆయన కోపాన్ని పడుకోబెట్టలేకపోయింది. చప్పుడు అంటే ఆయనకి పడదు. గిన్నె మీద గరిటె తగిలితే చాలు, లేవలేని మనిషి కూడా ఇంతెత్తున లేస్తాడు. ఉన్నది ఒక్కటే గది, మధ్యలో తెర. అందుకని ఆ ఇంట్లో అక్క ఎప్పుడూ గుసగుసలాడుతున్నట్టే మాట్లాడుతుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన కాసేపు కునుకు తీస్తాడు. అక్కకంటూ రోజు మొత్తంలో దొరికేది ఆ కాసేపే.

ఆ కాసేపట్లో పక్కింటావిడకి ఒక మాట చెప్పి, గేటు దాటి, చెల్లెలి అరుగు మీద కూర్చుంటే ఇక అక్క వేరే మనిషి. గొంతు విప్పేది. దర్జీలు ఒక్కొక్కరూ ఎలా బేరమాడతారో, కొలతలు తీసుకునేటప్పుడు లావుపాటి వాళ్లు ఊపిరి ఎలా బిగబడతారో చేసి చూపించేది. నవ్విందంటే నాలుగిళ్ల అవతల కుక్క కూడా తలెత్తి చూడాల్సిందే. వేళ దాటిపోతోందని గుర్తు రాగానే చెప్పు సగం తొడుక్కుని పరిగెత్తేది. గుండీలక్కకి జీవితంలో సుఖమంటే ఏమిటని అడిగితే ఆ మధ్యాహ్నాలనే చెబుతుంది.

తర్వాత రైళ్లు ఎక్కువయ్యాయి. రైల్వే వాళ్లు గేటు ఎత్తేసి, పట్టాల పొడుగునా ఇనప కంచె వేసేశారు. బళ్ల కోసం ఊరి చివర పెద్ద వంతెన కట్టారు. దాని మీదుగా అవతలికి చేరాలంటే రెండు బస్సులు మారాలి, పోనూ రానూ సగం రోజు. నడిచేవాళ్లకి కూడా త్వరలో వంతెన వస్తుందని ఒక పలక పాతారు. వంతెన రాలేదు గానీ పలక మాత్రం తుప్పు పట్టి, ఒరిగి, చివరికి ఎవరింటి కోడిగూటికో తలుపై పోయింది.

అక్కకి దొరికేది కునుకంత సేపు. ఆ కాస్త సేపట్లో రెండు బస్సులు ఎవరు మారగలరు? దాంతో అక్క రావడం ఆగిపోయింది. చెల్లెలే ఆదివారాలు బస్సెక్కి వెళ్లేది. వెళ్తే మాత్రం ఏం లాభం? బావ తెరవతల ఉండేవాడు. అక్క కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఒళ్లో చొక్కా పెట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. నవ్వొస్తే గుడ్డ నోట్లో కుక్కుకునేది. అక్కని చూడటం వేరు, అక్క రావడం వేరు అని చెల్లెలికి బాగా తెలిసొచ్చింది. అందుకే వెళ్లిన ప్రతిసారీ ఒకటే మాట. "వంతెన పడనీ అక్కా, అప్పుడు చూడు."

వెళ్లగానే అక్కని కుర్చీలోంచి లేవనిచ్చేది కాదు. "వారమంతా ఆయన చుట్టూ తిరుగుతూనే ఉంటావు, ఈ ఒక్క పూట కూర్చో" అని తనే టీ పెట్టేది, గిన్నెలు కడిగేది, బావకి దిండు సర్దేది. అక్క కూడా పెద్దగా పెనుగులాడకుండా "సరేలే" అనేది. చెల్లెలికి, ఇంత మాటకారి మనిషికి, ఏ చొక్కాకి ఏ గుండీ ఊడబోతోందో చూడగానే పసిగట్టే మనిషికి, ఆ "సరేలే" వెనక ఏముందో మాత్రం తట్టలేదు. ప్రేమ ఎక్కువైతే కళ్లకి గంతలు కట్టినట్టే ఉంటుంది కాబోలు.

మామూలు రోజుల్లో అక్క బదులు అక్క కుట్టిన కాజాలు వచ్చేవి. దర్జీల బండి వాటిని ఊరు చుట్టి తెచ్చేది. గుండీలక్క చొక్కా అందుకోగానే ముందుగా కాజా మీద బొటనవేలు రాసేది. అల్లిక బిగువుగా ఉంటే అక్క బాగుందన్నమాట. వదులుగా ఉంటే రాత్రి నిద్ర లేదన్నమాట. అలా వేలితో తడుముకుంటూ ఉండగా ఒక్కోసారి కళ్లలో నీళ్లు తిరిగేవి. దారం ఎక్కించడం కుదరక మొగుణ్ణి పిలిచేది. ఆయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, నెమ్మదైన మనిషి. ఎందుకని అడగకుండా సూదిలో దారం ఎక్కించి ఇచ్చి వెళ్లిపోయేవాడు.

కంచెకి ఎవరో కన్నం చేశారు. ఫ్యాక్టరీలకి వెళ్లేవాళ్లూ, బడి పిల్లలూ అందులోంచి దూరి పట్టాలు దాటడం మొదలుపెట్టారు. గుండీలక్క మాత్రం అక్కని ఆ దారిన రమ్మని ఒక్కనాడూ అనలేదు. ఒక పొగమంచు పొద్దున ఐసు ఫ్యాక్టరీలోనే పనిచేసే మనిషి ఒకడు అక్కడే రైలు కింద పడి పోయాడు. ఆయన ఇల్లు ఇదే వీధిలో. భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ మిగిలారు. కౌన్సిలు వారు లేచి నిలబడి, మౌనం పాటించి, సంతాపం తెలిపి, మళ్లీ కూర్చున్నారు. తండ్రి పోయిన నెలకే ఆ పిల్లలిద్దరూ అదే కన్నంలోంచి బడికి వెళ్లడం మొదలుపెట్టారు. బడి అవతల ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

ఆ వార్డు కౌన్సిలరు మేకుల కొట్టాయన. ఇనప సామాన్ల వ్యాపారం, చేతిలో ఎప్పుడూ తాళాల గుత్తి. వంతెన సంగతి అడగడానికి గుండీలక్క ఆయన కొట్టు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. "ఈ ఏడు బడ్జెట్‌లో పెట్టించేస్తున్నానక్కా" అనేవాడు. ఆ ఏడు బడ్జెట్‌లో పార్కుకి ప్రహరీ గోడ వచ్చింది. పార్కు ఇంకా రాలేదు, ముందు గోడ వచ్చింది. మరుసటి ఏడు ఊరి మొదట్లో స్వాగత ద్వారం వచ్చింది. దాన్ని చూసి ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"ఊళ్లోకొచ్చేవాళ్లకి స్వాగతం చెప్పడానికి డబ్బులున్నాయి. ఊళ్లో ఉన్నవాళ్లు ఒకళ్లింటికి ఒకళ్లు వెళ్లడానికి మాత్రం లేవు" అని ఇంటికొచ్చి మొగుడి మీద అరిచింది.

ఆయన భోజనం చేస్తున్నాడు. "నామీద అరిస్తే ఏం లాభం? ఎన్నికలొస్తున్నాయిగా, నువ్వే నిలబడు" అన్నాడు.

మామూలుగా నోట్లోంచి ముత్యం రాలని మనిషి అన్నేసి మాటలు అనేసరికి ఆవిడ నిజంగానే నిలబడింది.

గుండీ గుర్తు ఇమ్మని అడిగితే అలాంటి గుర్తు లేదన్నారు. ఉన్నవాటిలో గొడుగు ఇచ్చారు. ప్రచారానికి ఆవిడ దగ్గర బండీ లేదు, మైకూ లేదు. సూదీ దారం, సంచీ నిండా గుండీలూ పట్టుకుని గడప గడపకీ వెళ్లింది. తలుపు తీసినవాడి చొక్కాకి గుండీ లేకపోతే చెయ్యి ఊరుకునేది కాదు. "కదలకండి" అని అక్కడే నిలబెట్టి కుట్టేసి, దారం కొరికి, "గొడుగు గుర్తు, మర్చిపోకండి" అని పక్కింటికి వెళ్లిపోయేది. కొందరైతే ఉన్న గుండీ తెంపుకుని మరీ ఎదురు చూశారని మేకుల కొట్టాయన తర్వాత్తర్వాత వాపోయాడు.

"గుండీలు కుట్టుకునే మనిషికి బడ్జెట్ గురించి ఏం తెలుసండీ?" అని ఆయన మైకులో అడిగాడు.

"నాకేం తెలీదు. నాకు కావాల్సింది ఒక్కటే. అదేంటో మీ అందరికీ తెలుసు" అంది ఆవిడ మైకు లేకుండానే. అది కూడా బాగానే వినిపించింది.

ఆవిడ గెలిచింది. ఆ రోజు ఆదివారం కాకపోయినా బస్సెక్కి వెళ్లి అక్కకి చెప్పింది. అక్క ముందు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది, తర్వాత అదే గుడ్డతో కళ్లు తుడుచుకుంది. "ఏమే చిన్నదానా, ఇప్పుడు నిన్ను మేడమ్ అనాలా?" అంది.

కౌన్సిలు చైర్మను ఒకప్పటి డ్రిల్లు మాస్టారు. సభ ఆయన చెప్పుచేతల్లో నడిచేది. అక్కడ ఓట్లు లెక్కపెట్టడం, చేతులెత్తడం చాలా అరుదు. మాస్టారు అంశం చదివిస్తారు. చదవడం అయ్యాక కళ్లద్దాలు తీసి జేబురుమాలతో తుడుచుకుంటారు. తుడిచి మళ్లీ పెట్టుకునేలోపు ఎవరూ నోరు విప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ఎవరైనా నోరు విప్పితే ఆ అంశం వాయిదా. వాయిదా పడ్డ అంశం మళ్లీ ఎప్పుడొస్తుందో మాస్టారికే తెలియదు. ఈ పద్ధతి ఏ చట్టంలోనూ లేదు. అయినా అందరికీ అలవాటైపోయింది.

గుండీలక్క వచ్చాక ఈ పద్ధతికి కష్టకాలం దాపురించింది. మొదటి ఏడు స్వాగత ద్వారానికి రంగులన్నప్పుడు నోరు విప్పింది. దానికి దీపాలన్నప్పుడు నోరు విప్పింది. మాస్టారు కళ్లద్దాలు తియ్యాలంటేనే జంకే పరిస్థితి వచ్చింది. "ఇంతకీ మీకేం కావాలమ్మా?" అని ఒకరోజు అడిగారు. "వంతెన మాస్టారూ" అంది. ఆయన నిట్టూర్చారు. కానీ ఆ రోజు నుంచి ఆయనా, కొత్తగా వచ్చిన ఇంజనీరూ కలిసి రైల్వే వాళ్లకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. చివరికి రైల్వే వాళ్లు ఒప్పుకున్నారు. కట్టే పని వాళ్లది, ఖర్చులో సగం మునిసిపాలిటీది. ఈ బడ్జెట్‌లోనే మునిసిపాలిటీ తన సగం చూపించాలి. చూపించకపోతే అనుమతి రద్దు, మళ్లీ మొదటికే.

పెద్ద పనికి డబ్బు కేటాయించే ముందు రోజు సభ్యులంతా కలిసి వెళ్లి చోటు చూసి రావడం ఆ కౌన్సిలు ఆనవాయితీ. ఆ రోజు గుండీలక్క పొద్దున్నే లేచి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుంది. ఇవతలి వైపు చూపించాక మునిసిపాలిటీ బండి ఊరు చుట్టి అందర్నీ అవతలికి తీసుకెళ్లింది. వంతెన దిగే చోటు సరిగ్గా అక్క వాళ్ల సందు చివర. అక్కకి చెప్పలేదు. మామూలు రోజున, అదీ ఇంతమందితో, ఉన్నట్టుండి ఎదురుపడి ఆటపట్టించాలని ఆవిడ ఉబలాటం.

ముందుగా ఆవిడే అక్కని చూసింది. అక్క సందులోంచి వస్తోంది. గోడ పట్టుకుని, ఒక కాలు ముందుకేసి, రెండోది దాని పక్కకి లాక్కుని, ఆగి, మళ్లీ ఒక కాలు. సందు మలుపులో దారాలమ్మే చిన్న కొట్టుంది. కొట్టుకి రెండే రెండు మెట్లు. అక్క ఆ మెట్ల దగ్గరికొచ్చి ఎక్కలేదు. కింద నిలబడి కొట్టతన్ని పిలిచింది. అతను ఏమీ అడగకుండా, రోజూ చేసే పనిలాగే, దారం రీళ్లు పట్టుకుని కిందికి దిగొచ్చి ఇచ్చాడు. అక్క చిల్లర ఇచ్చి, మోకాలి మీద చెయ్యి ఆనించుకుని, వచ్చిన దారినే గోడ పట్టుకుని వెళ్లిపోయింది.

గుండీలక్క మునిసిపాలిటీ బండి వెనక్కి వెళ్లి నిలబడింది. కుర్చీలోంచి లేవనివ్వని ఆదివారాలన్నీ ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. లేవనివ్వకపోవడమేమిటి, అక్క లేవలేకపోయింది. తను టీ పెట్టి, గిన్నెలు కడిగి, సేవ చేస్తున్నానని మురిసిపోతుంటే అక్క "సరేలే" అని కూర్చుండిపోయింది. అంతే.

ఇంజనీరు బండి ముందు భాగం మీద వంతెన నక్షా పరిచి అందరికీ చూపిస్తున్నాడు. అటు మెట్లు, ఇటు మెట్లు, మధ్యలో వంతెన. ఇన్నాళ్లుగా ఆ నక్షాని ఆవిడ ఎన్నోసార్లు చూసింది. మెట్లని మెట్లుగా చూడటం మాత్రం అదే మొదటిసారి.

"మెట్లు కాకుండా వాలుగా కట్టడం కుదరదా బాబూ? కాళ్లు బాగోలేనివాళ్లు కూడా నడిచేలాగా" అని అడిగింది.

ఇంజనీరు మంచివాడు. కసురుకోలేదు. "వాలు అంటే చాలా పొడుగొస్తుందమ్మా. అటు నూనె మిల్లు గోడ అడ్డం, ఇటు ఇళ్లు అడ్డం. స్థలం కొనాలి, నక్షా మార్చాలి, రైల్వే వాళ్లని మళ్లీ అడగాలి."

"అడిగితే?"

"మెట్లకి ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది. దీనికి ఎన్నేళ్లో నేను చెప్పలేను. అసలు అవుతుందో లేదో కూడా చెప్పలేను. ఇప్పుడు మాత్రం చేతికొచ్చింది పోతుంది."

సాయంత్రం మొగుడు పని నుంచి రాగానే జరిగిందంతా చెప్పింది. ఆయన చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి విన్నాడు.

"ఏం చేస్తావు మరి?" అన్నాడు.

"నాకే తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతాను?"

"నేను ఏం చెప్పినా రేపు నన్నే అంటావు."

"అనను. చెప్పండి."

ఆయన గుమ్మంలో కూర్చుని వీధిలోకి చూశాడు. "రైలు కింద పోయిన మా వాడి పిల్లలు ఇందాకే కంచె దూరి వచ్చారు. చిన్నదాని బడి సంచీ కంచెకి చిక్కుకుంది. పెద్దది లాగుతోంది. అవతల నుంచి రైలు కూత వినపడుతోంది" అన్నాడు. ఆవిడ మాటిచ్చినట్టే ఆయన్ని ఏమీ అనలేదు.

మర్నాడు సభకి చాలామంది వచ్చారు. వంతెన అంశం ఉందని తెలిసి, గోడవారన వేసిన బెంచీల మీద వార్డు జనం సర్దుకుని కూర్చున్నారు. రైలు కింద పోయిన మనిషి భార్య కూడా వచ్చి చివర్న కూర్చుంది. గుండీలక్క తన కుర్చీలో కూర్చుంది. ఏం మాట్లాడాలో ఇంటి దగ్గరే కూడబలుక్కుంది. మెట్లు వద్దు, వాలు కావాలి. ముసలివాళ్లున్నారు, మోకాళ్లు పనిచెయ్యనివాళ్లున్నారు, వాళ్లు కూడా ఈ ఊరి మనుషులే. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. న్యాయమైన మాటే. ఆ మాట వెనక ఉన్నది ఒక్క మనిషేనని ఆవిడకి మాత్రమే తెలుసు.

గుమాస్తా అంశం చదివాడు. మాస్టారు అలవాటు ప్రకారం గుండీలక్క వైపు ఒకసారి చూసి, భయం భయంగా కళ్లద్దాలు తీశారు. సభంతా ఆవిడ వైపే తిరిగింది. మేకుల కొట్టాయన జనంలో కూర్చుని మెడ చాచి మరీ చూస్తున్నాడు. మాస్టారు ఒక అద్దం తుడిచారు. ఆవిడ గొంతు సవరించుకుంది. మాస్టారి చెయ్యి ఆగింది. మాట నోటి చివరిదాకా వచ్చింది. అక్క గేటు కింద వంగి, చేతి మీద చొక్కాలతో, ఇటు వస్తున్నట్టే కనిపించింది. నోరు విప్పితే ఆ రాక కోసం ఇంకా ఎదురు చూడొచ్చు. ఎన్నేళ్లైనా సరే, ఎదురు చూడటానికంటూ ఒకటి ఉంటుంది. నోరు విప్పకపోతే ఇవాళ్టితో అది లేదు.

చివర్న బెంచీ మీద ఉన్న ఆ తల్లి ఆవిడని బతిమాలుతున్నట్టేమీ చూడటం లేదు. ఇంత నోరున్న మనిషి తమ కోసం ఉందన్న ధీమాతో నింపాదిగా కూర్చుని ఉంది. గుండీలక్క తల దించుకుంది. మాస్టారు రెండో అద్దం తుడిచారు. కళ్లజోడు ఎత్తి వెలుతురులో చూసుకున్నారు. పెట్టుకున్నారు.

"ఆమోదించడమైనది" అన్నారు.

చప్పట్లు మోగాయి. ఎవరో ఈల వేశారు. మేకుల కొట్టాయన కూడా వచ్చి "మొత్తానికి పంతం నెగ్గించుకున్నావక్కా" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆవిడకి ఇంకా ఏడుపొచ్చింది. అందరూ అది సంతోషం అనుకున్నారు.

ఇంటికి వెళ్లకుండా అట్నుంచటే బస్సెక్కింది. వెళ్లేసరికి బావ కునుకు తీస్తున్నాడు. అక్క కిటికీ పక్కన కుర్చీలో కాజా అల్లుతోంది. చెల్లెలు వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కింద కూర్చుంది. మోకాలి మీద చెయ్యి వేసింది. బట్ట మీద నుంచే వాపు చేతికి తగిలింది. అక్క సూది ఆపింది.

"నిన్న నువ్వు దారం కొనుక్కోవడం చూశాను" అంది చెల్లెలు గుసగుసగా.

అక్క సూదిని చొక్కాకి గుచ్చి పెట్టింది.

"ఇవాళ వంతెన పాసయింది. మెట్ల వంతెన. నేను అడ్డం చెప్పి ఉంటే ఆగిపోయేది. చెప్పలేదు." ఆవిడ అక్క మోకాలి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "నీ కోసమే నిలబడ్డాను. తీరా నీకే లేకుండా చేశాను."

"మెట్లని నాకు తెలుసే" అంది అక్క. "ఇంజనీరు మనుషులు ఈ సందులోనేగా కొలతలు తీసుకున్నారు. అప్పుడే అడిగాను. మెట్లేనన్నారు."

"మరి నీ మోకాళ్లు ఎప్పట్నుంచి? నేను ఎన్నికల్లో తిరుగుతున్నప్పటికే ఇలా..."

"అంతకు ముందే."

"మరి నాతో ఒక్క ముక్కయినా అనలేదేం? నేను పిచ్చిదానిలా ఊరంతా తిరుగుతుంటే, ప్రతి ఆదివారం వచ్చి వంతెన పడనీ, వంతెన పడనీ అంటుంటే, ఎలా ఊరుకున్నావక్కా?"

అక్క తెర వైపు చూసింది. అవతల గురక నెమ్మదిగా వస్తోంది. "చెబితే మానేస్తావని" అంది.

"ఏం మానేస్తాను? వంతెన కోసం తిరగడమా?"

"కాదు. నన్ను రమ్మనడం."

చెల్లెలికి వెంటనే అర్థం కాలేదు. అక్క ఒళ్లోని చొక్కాని మడత పెట్టింది, మళ్లీ విప్పింది.

"ఈ ఇంట్లో తే, పెట్టు, ఎత్తు, దించు అనేవాళ్లే గానీ రా అనేవాళ్లు ఎవరున్నారే? వారానికొకసారి నువ్వొచ్చి, అక్కా నువ్వు రావాలి, మా అరుగు మీద కూర్చోవాలి అంటుంటే, రాలేనని తెలిసి కూడా నాకు కడుపు నిండినట్టుండేది. నా కాళ్ల సంగతి చెప్తే నువ్వు జాలిపడి ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తవు. నాకు నీ సంగతి తెలీదా?"

చెల్లెలు ఆ మోకాలి మీద తల ఆనించి ఏడ్చింది. చప్పుడు కాకుండా ఏడవడం ఆవిడకి చేతకాదు. అక్క ఒక చొక్కా తీసి ఆవిడ నోటికి అడ్డం పెట్టింది. అది చూసి ఇద్దరికీ నవ్వొచ్చింది. తెరవతల గురక ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

బస్సు వేళవుతోంది. చెల్లెలు లేచి మొహం కడుక్కుంది. గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. ఇన్నేళ్లుగా వెళ్లేటప్పుడు అనే మాట ఇక అనడానికి లేదు. వంతెన పాసైపోయింది. గుమ్మం పట్టుకుని వెనక్కి తిరిగింది.

"రేపు మధ్యాహ్నం మా ఇంటికి వస్తావా అక్కా?" అంది.

అక్క తల ఎత్తి చెల్లెల్ని చాలాసేపు చూసింది.

"రేపు కుదరదే చిన్నదానా, చొక్కాలు చాలా ఉన్నాయి" అంది. "ఎల్లుండి చూద్దాంలే."

"ఎల్లుండి తప్పకుండా రావాలి మరి" అని చెప్పి చెల్లెలు బస్సు కోసం వెళ్లింది.